కష్టకాలంలో విశ్వాసం, గుణం ఎదగాలంటే ఏం చేయాలి?

కష్టాలు వస్తే విశ్వాసం దానంతటదే బలపడుతుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ జరగదు. ఒకే రకం నష్టం ఒకరి మనసును మెత్తబరుస్తుంది, ఇంకొకరి మనసును రాయి చేస్తుంది. ఇద్దరూ ఒకే క్రైస్తవ సంఘంలో పక్కపక్కన కూర్చునేవాళ్లే కావచ్చు. ఆ రోజుల్లో ఎవరు ఏం అలవాటు చేసుకున్నారన్నదే చాలావరకు తేడా తెస్తుంది.

ముందు ఇది ఏ రకం కష్టమో తేల్చుకోండి

తెలుగు బైబిల్లో "శోధన" అనే ఒక్క మాటే పరీక్షకూ, పాపంలోకి లాగే ఆశకూ వాడతారు. అందుకే మనం అన్ని ఇబ్బందులనూ ఒకే గాటన కట్టేస్తుంటాం. మీ తప్పు వల్ల వచ్చిన చిక్కైతే ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. జబ్బైతే ప్రార్థనతో పాటు వైద్యం కావాలి. విశ్వాసం కారణంగా ఎదురైన అవమానమైతే ఓర్చుకోవాలి.

ఎవరైనా మిమ్మల్ని కొడుతుంటే, హింసిస్తుంటే అక్కడే ఉండి భరించడం ఆత్మీయత కాదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. దమస్కులో చంపడానికి చూసినప్పుడు అపొస్తలుడైన పౌలు రాత్రివేళ గంపలో గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఒక సందర్భంలో రోమా పౌరుడిగా తన హక్కును వాడుకుని కైసరుకు, అంటే రోమా చక్రవర్తికి, అప్పీలు చేసుకున్నాడు. మీరూ సురక్షితమైన చోటికి వెళ్లండి, సహాయం అడగండి.

ఏ రకమో తేలకపోయినా ఫరవాలేదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి "ఎవరు పాపం చేశారు?" అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదన్నాడు యేసు. కారణం వెతుక్కుంటూ నెలల తరబడి మిమ్మల్ని మీరే తిట్టుకోకండి.

ఉన్నది ఉన్నట్టు ప్రార్థించండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే. లోపల కుమిలిపోతూ పైకి "స్తోత్రం, అంతా బాగుంది" అనడం మనకు బాగా అలవాటైపోయింది. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే దావీదు ఎంతకాలం, ఎంతవరకు అని నాలుగుసార్లు నిలదీస్తాడు. దేవుడు తనను మరచిపోయాడేమో అని కూడా అంటాడు. అది ఎవరితోనో చెప్పుకున్న ఫిర్యాదు కాదు, నేరుగా దేవుడితోనే అన్న మాట. ఫిర్యాదు చేసేంత దగ్గరితనం కూడా విశ్వాసమే.

ఒక నోటుబుక్ తీసుకుని ఆ కీర్తన వరసలోనే రాయండి. ముందు దేవుణ్ని మీరు పిలిచే పేరుతో పిలవండి. తర్వాత బాధేమిటో దాచకుండా రాయండి: డబ్బు, భయం, కోపం, అసూయ, ఏదైనా సరే. ఆ తర్వాత ఏం కావాలో అడగండి. "కృప చూపు" అని ఆగిపోకుండా "రేపు ఆ ఫోన్ మాట్లాడే ధైర్యం ఇవ్వు" అన్నంత స్పష్టంగా అడగండి. చివర నమ్మకంగా ఒక్క వాక్యం. ఆ వాక్యం రాకపోతే ఖాళీగా వదిలేయండి, బలవంతంగా రాయొద్దు. 88వ కీర్తన చివరిదాకా వెలుగు లేకుండా చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని బైబిల్లో ఉంచారు.

ఒంటిని పట్టించుకోండి

ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని ఇక చావే మేలని అడిగినప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. దేవుడి ప్రశ్నలు ఆ తర్వాతే వచ్చాయి. నిద్ర లేకుండా ఉపవాస ప్రార్థనలు పెంచుకుంటూ పోయేవాళ్లకు ఈ అధ్యాయం (1 రాజులు 19) చదవమని చెబుతాను. చావాలనే ఆలోచనలు మీకూ వస్తుంటే ఈరోజే ఎవరికైనా చెప్పండి, డాక్టర్ని కలవండి.

ఒక్క గుణం ఎంచుకోండి

"శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" కలిగిస్తుందని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. నిరీక్షణ అంటే ఇక్కడ ఆశ. చదువుతుంటే, ఇంత ఓర్చుకున్నాక మళ్లీ పరీక్షా అనిపిస్తుంది. ఇక్కడ "పరీక్ష" అన్నచోట మూలంలోని గ్రీకు మాటకు పరీక్షలో నిలిచి తేలిన గుణం అని అర్థం. అంటే పౌలు చెప్పేది ఇంకో పరీక్ష గురించి కాదు, మీరు ఎలాంటి మనిషిగా తేలుతారన్న దాని గురించి.

ఆ గుణం చిన్న చిన్న చోట్లే తయారవుతుంది. ఉద్యోగం పోయినవాళ్లకు అసలు పరీక్ష ఇంటర్వ్యూలో కన్నా ఇంట్లో ఎక్కువ. "ఏమైంది?" అని పిల్లలు పదోసారి అడిగినప్పుడు కసురుకుంటామా లేదా అన్నది చూడాలి. మంచాన పడ్డ మనిషికి సేవ చేసేవాళ్లకు విసుగు మాటలో కన్నా ముందు చేతుల్లో తెలుస్తుంది. మీ పరిస్థితిలో ఏది ఎక్కువగా జారిపోతోందో చూసుకోండి: ఓర్పా, నిజాయితీయా, నాలుక మీద అదుపా. ఒక్కటే పట్టుకోండి. రాత్రి పడుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈరోజు ఎక్కడ జారాను? రేపు అదే చోట ఏం చేస్తాను? ఎవరినైనా నొప్పించి ఉంటే దేవుడి దగ్గర ఒప్పుకుంటే సరిపోదు, ఆ మనిషి దగ్గరికీ వెళ్లాలి.

ఒకరిద్దరికి చెప్పండి

తనను బంధించిన రాత్రి గెత్సేమనే తోటలో యేసు ముగ్గురు శిష్యులను వెంట తీసుకెళ్లి, మెలకువగా ఉండమని అడిగాడు. ఆయనకే తోడు కావాల్సి వచ్చింది. మీరు ఎంచుకునేవాళ్లు నోరు జారనివాళ్లై ఉండాలి, వెంటనే బైబిల్ వాక్యాలు అప్పజెప్పనివాళ్లైతే ఇంకా మంచిది. అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే అంతా చెడింది.

సాక్ష్యానికి తొందరపడకండి

గాయం ఇంకా పచ్చిగా ఉండగానే వేదికెక్కి సాక్ష్యం, అంటే దేవుడు మీకు చేసిన మేలు, అందరి ముందు చెప్పమంటే వద్దనండి. దాని బదులు అలాంటి కష్టంలోనే ఉన్న మరొకరి పక్కన కూర్చోండి. మనం పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించగలమని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లోనే ఉంది.

కష్టం పోకపోవచ్చు కూడా. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. కృప చాలునన్న జవాబు వచ్చింది, ముల్లు మాత్రం అలాగే ఉంది. యోసేపు 17 ఏళ్లప్పుడు అన్నల చేతుల్లో అమ్ముడుపోతే, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30 ఏళ్లు. అందుకే వారానికోసారి ఎదుగుదల కొలుచుకోవద్దు. నోటుబుక్‌లో ప్రతి పేజీకీ తేదీ వేయండి, మూడు నెలలకోసారి వెనక్కి తిప్పి చూడండి. వదిలేసిన ఆ చివరి వాక్యం ఎక్కడైనా దానంతటదే వచ్చి ఉంటే, దాని కింద గీత గీయండి.