నీటిరంగుల్లో చెరువుగట్టును చిత్రించడం ఎలా?

విజయనగరం జిల్లా మెట్ట ఊళ్లలో తిరిగేవారికి ఒక దృశ్యం తరచుగా ఎదురవుతుంది. ముందు చెరువు, దాని వెనుక ఎర్రమట్టి గట్టు, గట్టు మీద నాలుగైదు తాటిచెట్లు, వాటికి ఆవల తూర్పు కనుమలకు చెందిన కొండ ఒకటి. నీటిరంగులు కొత్తగా పట్టినవారు ఈ దృశ్యంతోనే మొదలుపెట్టడం మంచిది. ఇందులో ఆకారాలు తక్కువ, మనుషుల ముఖాల వంటి కష్టమైన భాగాలు లేవు, అయినా రంగు, కూర్పు, కుంచె పద్ధతి అనే మూడింటి మూలసూత్రాలూ దీనిలో అవసరమవుతాయి.

రంగుల పెట్టె తెరవకముందే గ్రహించవలసిన విషయం ఒకటుంది. కొత్తవారు చాలామంది ఆకాశానికి ఏ నీలం, ఆకుకు ఏ పచ్చ అన్న వెతుకులాటలోనే శ్రమంతా ఖర్చు చేస్తారు. కాని చూసేవారి కంటికి ముందుగా అందేది రంగు పేరు కాదు, ఒక భాగం పక్క భాగం కన్నా ఎంత ముదురుగా, ఎంత లేతగా ఉందన్న తేడా. దీన్నే చిత్రకారులు టోన్ అంటారు. కొండను నీలంగా వేసినా ఊదాగా వేసినా కొండలాగే కనిపిస్తుంది. కాని దానిని తాటిమాను అంత ముదురుగా వేస్తే వెంటనే ముందుకు వచ్చి గట్టు మీద కూర్చుంటుంది. సీతంపేట ప్రాంతపు సవర గిరిజనులు ఎర్రమట్టి పూసిన గోడ మీద తెల్లని పిండితో వేసే బొమ్మలను చూసినవారికి ఈ మాట సులువుగా బోధపడుతుంది. ముదురు నేల మీద లేత గీత తప్ప వేరే ఆధారమేమీ లేకుండానే మనుషులు, జంతువులు, చెట్లు అంత స్పష్టంగా నిలబడుతున్నాయంటే, ఆ బలం టోన్‌దే.

సామగ్రి

కాగితం విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. పలుచని డ్రాయింగ్ కాగితం తడి తగలగానే ఉబ్బి వంకర్లు పోతుంది, రంగు గుంటల్లోకి చేరుతుంది, నేర్చుకునేవారు ఆ తప్పు తమదే అనుకుంటారు. 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి నీటిరంగుల కాగితం తీసుకోండి. 22×30 అంగుళాల పూర్తి షీటును నాలుగుగా కోస్తే 11×15 అంగుళాల ముక్కలు వస్తాయి, ఈ దృశ్యానికి ఆ కొలత సరిపోతుంది. ముక్కను బోర్డు మీద నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అతికించాలి.

రంగులు నాలుగు చాలు: లెమన్ యెల్లో, క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియన్నా. విద్యార్థుల రకం ట్యూబులు మొదట్లో నిక్షేపంగా పనికొస్తాయి. అంగుళం వెడల్పున్న చదును కుంచె ఒకటి, 10వ నంబరు గుండ్రని కుంచె ఒకటి, 4వ నంబరుది ఒకటి, రెండు గిన్నెల నీళ్లు, పాత నూలుగుడ్డ ఉంటే పని మొదలవుతుంది. రంగులు కలపడానికి తెల్లని పింగాణీ పళ్లెం వాడండి. స్టీలు పళ్లెంలో మెరుపు వల్ల రంగు అసలు లోతు కంటికి తెలియదు.

మొదటి మెట్టు: చూడటం, చిన్న నమూనా గీయడం

చలికాలపు ఉదయం ఈ పనికి అన్నివిధాలా అనుకూలమైనది. ఎండాకాలంలో కుంచె కాగితం ఆ చివరకు చేరేలోపే ఈ చివర ఆరిపోతుంది, వానాకాలపు గాలి తేమకు పూసిన పూత ఎంతకూ ఆరదు. పైగా పొద్దున్నే ఉండే పలుచని మంచులో కొండ, గట్టు, చెట్టు దేనికవి వేరుగా విడిపోయి కనిపిస్తాయి.

దృశ్యానికి ఎదురుగా కూర్చుని కళ్లు సగం మూసి చూడండి. ఆకులు, రాళ్లు, గడ్డిపోచలు మాయమై మూడు మోతాదులు మాత్రం మిగులుతాయి: ఆకాశం, నీరు లేతగా; కొండ, గట్టు మధ్యస్థంగా; తాటిచెట్లు, వాటి నీడ ముదురుగా. ఇప్పుడు అగ్గిపెట్టెకు రెండింతలంత దీర్ఘచతురస్రంలో 2బి పెన్సిలుతో ఈ మూడు మోతాదులను మాత్రమే నింపండి. వివరాలు వద్దు. ఇటువంటి చిన్న నమూనాలు వేర్వేరు కూర్పులతో కొన్ని గీసి, వాటిలో దూరం నుంచి చూసినా బోధపడేదాన్ని ఎంచుకోవాలి. ఈ పనికి పది నిమిషాలు కూడా పట్టదు. అయినా నేర్చుకునేవారు ఎక్కువగా వదిలేసేది దీన్నే, చిత్రాలు ఎక్కువగా చెడేదీ ఇక్కడే.

కూర్పు

ముందుగా దిగంతరేఖ, అంటే నేల ఆకాశాన్ని తాకినట్టు కనిపించే గీత, ఎక్కడో నిర్ణయించండి. అది ఎప్పుడూ చూసేవారి కంటి ఎత్తులో ఉంటుంది. నిలబడితే పైకి, కూర్చుంటే కిందికి వస్తుంది. కాగితానికి సరిగ్గా నడుమ దాన్ని గీస్తే ఆకాశమా, నీరా, ఏది ముఖ్యమో తేలక చిత్రం రెండు ముక్కలవుతుంది. కాగితం ఎత్తును మూడు భాగాలు చేసి కింది మూడోవంతు దగ్గర గట్టు పాదాన్ని ఉంచితే ఆకాశానికి, తాటిచెట్ల పొడవుకు చోటు దొరుకుతుంది. ఈ మూడోవంతు పద్ధతిని కొందరు శాసనంలా బోధిస్తారు. నా దృష్టిలో అది మొదటి చిత్రాలకు ఊతం మాత్రమే, చేయి తిరిగాక దాన్ని మీరడంలో తప్పులేదు.

చెట్లను ఉన్నవి ఉన్నట్టు దించవలసిన పని లేదు. అయిదు తాటిచెట్లు సమాన దూరంలో ఉంటే కంచె స్తంభాల్లా కనిపిస్తాయి కనుక రెండింటిని దగ్గరగా జరిపి, ఒకదాన్ని దూరంగా విడిగా నిలబెట్టి, మిగిలినవి వదిలేయవచ్చు. ఎత్తులు కూడా సమానంగా ఉండకూడదు. కనీసం ఒక చెట్టు తల కొండ శిఖరాన్ని దాటి ఆకాశంలోకి వెళ్లాలి. ముదురు ఆకు లేత ఆకాశాన్ని తాకే ఆ చోటే చిత్రంలో అన్నిటికన్నా పెద్ద తేడా ఉంటుంది, కన్ను మొదట అక్కడికే వెళ్తుంది. కాబట్టి ఆ చోటు కాగితం నడుమ కాకుండా కాస్త పక్కకు ఉండేలా చూసుకోండి. కొండ శిఖరం సరిగ్గా తాటితల వెనుక పడితే రెండూ అతుక్కుపోతాయి కనుక ఒకదాన్ని కాస్త పక్కకు తప్పించాలి. గట్టు గీత కాగితం మూలలోకి దూసుకుపోయినా చూపు ఆ మూల నుంచి బయటికి జారిపోతుంది.

ఇవన్నీ తేలాక పెద్ద కాగితం మీద పెన్సిలుతో తేలికగా హద్దులు మాత్రం గీయండి.

రంగులను సిద్ధం చేసుకోవడం

నీటిరంగు అంటే రంగుపొడిని ప్రధానంగా తుమ్మజాతి చెట్ల బంకతో కలిపిన ముద్ద. నీటితో పలుచన చేసినప్పుడు కింది కాగితం తెలుపు దాని గుండా కనిపిస్తుంది కనుక ఈ పద్ధతిలో తెల్లరంగు అవసరం ఉండదు, వదిలేసిన కాగితమే తెలుపు. అందుకే పని ఎప్పుడూ లేత నుంచి ముదురుకు సాగుతుంది. ఆరాక రంగు ఒక మెట్టు లేతబడుతుందని కూడా గుర్తుంచుకుని, పక్కనే ఒక కాగితపు ముక్క మీద వేసి ఆరబెట్టి చూసుకోవాలి.

అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా ఈ చిత్రానికి మూలజంట. ఒకటి ఎరుపు వైపు మొగ్గిన నీలం, మరొకటి నారింజ ఛాయ గల గోధుమరంగు; రంగులను వరుసగా గుండ్రంగా అమర్చి చూపే వర్ణచక్రంలో ఇవి దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. ఎదురెదురు రంగులను కలిపితే ఒకదాని తీవ్రతను మరొకటి చంపి బూడిదరంగు వస్తుంది, పక్కపక్కన ఉంచితే రెండూ మరింత ప్రకాశిస్తాయి. ఈ రెండో గుణాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, నల్లని అద్దకం పేలవంగా ఉందన్న ఫిర్యాదులను పరీక్షించి, లోపం అద్దకంలో లేదనీ, పక్కనున్న రంగు వల్ల కంటికి అలా తోస్తున్నదనీ ఆయన తేల్చాడు. ఆ సిద్ధాంతాన్ని 1839లో గ్రంథంగా ప్రకటించాడు. మన గట్టు మట్టి ఎర్రగా వెలగాలంటే దానికి మరింత ఎరుపు పూయడం కన్నా వెనుక కొండను చల్లని నీలంలో ఉంచడమే మేలు అనడానికి కారణం ఇదే.

పచ్చరంగు దగ్గర జాగ్రత్త అవసరం. ట్యూబులో దొరికే పచ్చ మన మెట్టభూముల చెట్లకు మరీ నిగనిగలాడుతూ ఉంటుంది. లెమన్ యెల్లోలో అల్ట్రామెరీన్ కలిపితే కాస్త మందమైన పచ్చ వస్తుంది, దానికి చిటికెడు బర్న్ట్ సియన్నా చేర్చితే దుమ్ము పట్టిన ఆకు రంగు సిద్ధం.

చిత్రించే క్రమం

బోర్డు పైఅంచును ఒక పుస్తకం మీద ఆనించి కొద్దిగా వాలుగా ఉంచండి. చదును కుంచెతో ఆకాశం మేరకు శుభ్రమైన నీరు పూసి, ఆ తడి మీదనే పై నుంచి పలుచని అల్ట్రామెరీన్‌ను అడ్డంగా లాగుతూ, కిందికి వచ్చేకొద్దీ నీరు పెంచండి. కొండ దగ్గరకు వచ్చేసరికి దాదాపు తెలుపు మిగలాలి. అక్కడ చాలా పలుచని క్రిమ్సన్ తాకించవచ్చు. ఆ తరువాత కుంచె కింద పెట్టేయాలి. సగం ఆరిన పూతను సవరించబోతే కొత్త తడి పాత రంగును తోసి అంచున కాలీఫ్లవర్ వంటి మరక కడుతుంది, దాన్ని తరువాత ఏమీ చేయలేము. మెరుపు పోయాక కూడా చేతి వెనుక భాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

కొండకు అల్ట్రామెరీన్, కొద్దిగా క్రిమ్సన్, అంతకన్నా తక్కువ బర్న్ట్ సియన్నా కలిపి ఒకే పూతలో వేయాలి. దూరం పెరిగేకొద్దీ మధ్యనున్న గాలి వెదజల్లే నీలికాంతి కంటిలో చేరుతుంది కనుక కొండ నీలంగా, వివరాలు లేకుండా కనిపిస్తుంది. రాళ్లు, పొదలు గీయాలన్న కోరికను ఆపుకోండి. కొండ పాదాన్ని శుభ్రమైన తడి కుంచెతో మెత్తబరిస్తే మంచు ఉన్న భావన వస్తుంది.

అది ఆరాక గట్టు. బర్న్ట్ సియన్నాలో కొద్దిగా క్రిమ్సన్ కలిపి ధైర్యంగా పూసి, తడిగా ఉండగానే అక్కడక్కడ పచ్చను వదలండి. రెండూ వాటంతట అవే కలుస్తాయి. ఆరిన తరువాత, రంగు ముంచి గుడ్డకు ఒత్తి తడి తీసేసిన కుంచెతో పక్కవాటంగా రుద్దితే మట్టి గరుకుతనం వస్తుంది.

నీటికి ఆకాశపు రంగునే కొంచెం ముదురుగా పూసి, పూత చెమ్మగా ఉన్నప్పుడే తాటిచెట్ల ప్రతిబింబాలను చిక్కని రంగుతో నిలువుగా దించాలి. ప్రతిబింబం ఎప్పుడూ వస్తువుకు సరిగ్గా కిందనే పడుతుంది, సూర్యుడు ఏ వైపున ఉన్నా అది పక్కకు వాలదు. వాలేది నీడ. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం కొత్తవారిలో తరచుగా కనిపించే పొరపాటు. ముదురు వస్తువు ప్రతిబింబం అసలు వస్తువు కన్నా ఒక పాలు లేతగా ఉండాలి. గట్టు అంచున సన్నని తెల్లపట్టీ ఒకటి పూయకుండా వదిలేస్తే నీటి మెరుపు దక్కుతుంది.

చివరిగా చెట్లు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియన్నా చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరైన ముదురు వస్తుంది, ట్యూబు నలుపు కన్నా ఇది సజీవంగా ఉంటుంది. మానును కింది నుంచి పైకి ఒకే ఊపులో లాగండి. తల విషయంలో ఒకటి గమనించాలి: కొబ్బరిమట్టలు ఈకల్లా వంగి వేలాడతాయి, తాటాకు మాత్రం తొడిమ చివర చక్రంలా విచ్చుకుంటుంది, తల మొత్తం గుండ్రని ముద్దగా కనిపిస్తుంది. ముద్ద వేసి, అంచుల్లో మాత్రం 4వ నంబరు కుంచెతో కొసలు బయటికి తీసి, లోపల ఒకటి రెండు చోట్ల ఆకాశం కనిపించే సందులు ఉంచితే చాలు. కింద వేలాడే ఎండుమట్టలకు బర్న్ట్ సియన్నా సరిపోతుంది.

పూర్తయ్యాక

చిత్రాన్ని గోడకు ఆనించి నాలుగడుగుల దూరం నుంచి చూడండి. ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చితే టోన్ లోపాలు దాగవు: గట్టు, కొండ ఒకే బూడిదరంగులో కలిసిపోయి ఉంటే గట్టు మీద ఇంకో పూత అవసరం. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, చందమామ ముఖచిత్రాలతో తెలుగువారికి పరిచయమైన వడ్డాది పాపయ్య బొమ్మల ముద్రణలను కూడా ఇలాగే నలుపు తెలుపులోకి మార్చి పరిశీలించండి. రంగు తీసేశాక ఏది ఏ మోతాదులో మిగిలిందో గమనించడం మంచి అభ్యాసం.

మరీ ముదురైన చోట తడి కుంచెతో నెమ్మదిగా రుద్ది, గుడ్డతో అద్ది కొంత రంగును లేపవచ్చు. కాగితం పూర్తిగా ఆరాకే టేపును చిత్రం నుంచి బయటి వైపుకు, వాలుగా, తొందరపడకుండా లాగాలి. అద్దం వేయించి గోడకు తగిలిస్తే నేరుగా ఎండ పడని గోడను ఎంచుకోండి. క్రిమ్సన్ రకాలలో కొన్ని వెలుతురుకు త్వరగా వెలిసిపోతాయి, కొనేటప్పుడే ట్యూబు మీద రంగు వెలుతురుకు వెలిసిపోదని తెలిపే నిలకడ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి.