పోస్ట్‌మోడర్నిజం చదవాలంటే గుడ్లూరు నుంచి మొదలుపెట్టండి

పోస్ట్‌మోడర్నిజం, అంటే కర్త, సత్యం, ప్రగతి లాంటి స్థిరమైన నమ్మకాలను శంకించే ఆధునికోత్తర ధోరణి, తెలుసుకోవాలని సిద్ధాంత గ్రంథాలు ముందేసుకోకండి. కందుకూరులో డిగ్రీ పిల్లలకు నేను పక్కనే ఉన్న గుడ్లూరు ఎర్రనతో మొదలుపెడతాను.

నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కన దాని జోలికి పోకుండా విరాటపర్వం అందుకున్నాడు. మిగిలిన భాగాన్ని దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఎర్రన పూర్తిచేశాడు. తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి కాక, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. చివర తన పేరు చెబుతూనే, ‘తద్రచనయకా’ పూరించానన్నాడు, అంటే నన్నయ రచనగానే. మరి ఈ పద్యాలు ఎవరివి? పిల్లల్ని కాసేపు కొట్లాడుకోనిస్తాను.

ఆ వేడిలోనే అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1939లో రాసిన పియర్ మెనార్డ్ కథ చదవాలి. ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి రచయిత ఒకడు సెర్వాంటెస్ రాసిన పాత స్పానిష్ నవల ‘డాన్ కిహోటె’లో కొన్ని అధ్యాయాలను పొల్లు పోకుండా రాస్తాడు. చూసి ఎక్కించడం కాదు, తనంతట తానే. చరిత్రను సత్యానికి తల్లి అన్న మాట సెర్వాంటెస్ నోట వట్టి పొగడ్త, మెనార్డ్ నోట కొత్త తత్వం అంటాడు కథ చెప్పే పెద్దమనిషి. అక్షరాలు మాత్రం అవే! “ఏంది సార్, ఇది కథా, వ్యాసమా?” అని ఎవరో ఒకరు అడుగుతారు. తొందరపడి జవాబు చెప్పను. ఆ తికమకలో కొంతసేపు ఉండాలి.

ఒక్క జాగ్రత్త. ఎర్రన పోస్ట్‌మోడర్న్ కవి కాడు. నన్నయ మీద గౌరవంతో పక్కకు తప్పుకున్నాడే గానీ, కర్త అనేవాడి పెద్దరికాన్ని శంకించలేదు. బోర్హెస్ శంకించాడు. కథలో కథ ఉందనో, వరస తప్పిందనో ముద్ర వేసేస్తే మన పురాణాలన్నీ ఆ ఖాతాలోకే పోతాయి. నెల్లూరు రోడ్డులో రోమన్ స్తంభాలు, ప్లాస్టర్ ఏనుగులు, అద్దాల గోడ కలిపి కట్టిన కల్యాణమండపం కనిపించినా ఇదే అడగండి: కట్టినవాడు ఆ కలపడంతో దేన్నయినా ప్రశ్నిస్తున్నాడా, అందంగా ఉందని పెట్టాడా?

తర్వాత ఇటలీ రచయిత కాల్వినో 1979 నవల, ‘ఇఫ్ ఆన్ ఎ వింటర్స్ నైట్ ఎ ట్రావెలర్’. అందులో నాయకుడు పాఠకుడే. పది నవలలు మొదలవుతాయి, పదీ మధ్యలో తెగిపోతాయి. ఎక్కడ చిరాకు పుట్టిందో ఆ పేజీ అంచున రాసుకోండి. అప్పుడు అదే ఏడాది వచ్చిన ఫ్రెంచి తత్వవేత్త లియోటార్ పుస్తకం ‘ది పోస్ట్‌మోడర్న్ కండిషన్’ తెరవండి. ప్రగతి, విముక్తి లాంటి మహాకథనాల మీద, అంటే చరిత్రంతటికీ ఒకే అర్థం చెప్పే పెద్ద కథల మీద, నమ్మకం సడలడమే ఆధునికోత్తర స్థితి అని పీఠికలోనే చెప్పేస్తాడు.