మోడల్ ఇంజిన్‌కి సూపర్‌ఛార్జర్ పెట్టే ముందు

బుల్లి మోడల్ ఇంజిన్‌కి సూపర్‌ఛార్జర్ (గాలిని ఇంజిన్‌లోకి బలవంతంగా తోసే పంపు) పెట్టాలని ఉబలాటపడేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అని. మామూలు గ్లో (స్పార్క్ బదులు ప్లగ్‌లోని వేడి తీగతో మండించే) టూ స్ట్రోక్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టు (తాజా గాలి, ఇంధనం సిలిండర్‌లోకి వచ్చే దారి) మూసుకున్నాక కూడా ఎగ్జాస్ట్ పోర్టు కాసేపు తెరిచే ఉంటుంది, కష్టపడి తోసిన గాలి చిల్లుకుండలో పోసిన నీళ్లలా అటునుంచి అటే పోతుంది. దానికి ట్యూన్డ్ పైపే (ఒత్తిడి అలతో ఆ గాలిని వెనక్కి నెట్టే ఎగ్జాస్ట్ గొట్టం) మేలు.

ఫోర్ స్ట్రోక్ అయితే పెట్టొచ్చు. రూట్స్ బ్లోయర్ అనే రకం సూపర్‌ఛార్జర్ తన లోపల గాలిని నొక్కదు, రెండు రోటర్లు గాలిని మోసుకెళ్లి అవతల పడేస్తాయి, ఇంజిన్ పీల్చేదానికన్నా ఎక్కువ వచ్చిపడితే మానిఫోల్డ్‌లో (ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టంలో) ఒత్తిడి పెరుగుతుంది. సైజు తగ్గించినంత తేలిగ్గా రోటర్ల మధ్య సందు తగ్గించలేం, అందుకే చిన్నవాటిలో చాలా గాలి వెనక్కి లీకైపోతుంది. కార్బ్యురేటర్‌ని బ్లోయర్‌కి ముందు పెట్టండి, ఇంధనంలోని ఆయిల్ రోటర్లకి పట్టి ఆ సందు కొంత పూడుతుంది. కంప్రెషన్ కాస్త తగ్గించండి, లేకపోతే డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) ఖాయం.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే మోడల్ ఇంజిన్లు చేసే వైఎస్ కంపెనీ వాళ్ల సూపర్‌ఛార్జ్‌డ్ ఫోర్ స్ట్రోక్‌లు చూడండి. విడిగా బ్లోయరే ఉండదు, పిస్టన్ కింది వైపే పంపు: రెండు చుట్లలో అది రెండుసార్లు కిందకి దిగుతుంది, సిలిండర్ పీల్చేది మాత్రం ఒక్కసారే, అందుకే అదనపు గాలి దొరుకుతుంది.