ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేసే ముందు జాగ్రత్తలు

పదో తరగతి మార్కులను బట్టి సీటు ఇచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయ క్యాంపస్ మన కడప జిల్లాలోనే, ఇడుపులపాయలో ఉంది. ట్రిపుల్ ఐటీ అని మనం పిలిచే ఈ ఆర్జీయూకేటీలో (రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం) ఇంటర్‌తో సమానమైన రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. ఇంటర్ కాలేజీకి ఫీజు కట్టేసే తొందరలో దీన్ని వదులుకోకండి.

పది మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. సప్లిమెంటరీలో గట్టెక్కితే అర్హత ఉండదని పిల్లలకు ముందే చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పేర్ల దగ్గర. మార్కుల మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. మన వైపు ఇది మామూలే. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. కౌన్సెలింగ్ రోజు టెన్షన్ పడి లాభం లేదు.

హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో, అంటే జిల్లా పరిషత్, మునిసిపల్ వంటి వాటిలో చదివినవారికి 4 శాతం స్కోరు కలుపుతారు. అందుకే బడి రకం హెడ్మాస్టరును అడిగే నింపండి.

కులం, ఆదాయం, స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) సర్టిఫికెట్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి.

సీటు ఇప్పిస్తామనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు.