పొద్దున మంచం దిగడం: నాకు పనిచేసిన పద్ధతి

బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటాను. దిగులుతో మూడు నెలలపాటు పొద్దున మంచం దిగలేకపోయాను. స్నానం కూడా కొండంత పని. మోటివేషన్ వీడియోలు, జిమ్ ఫీజు, ఒంగోల్లో అమ్మ దగ్గర పది రోజులు, ఏదీ నిలబడలేదు.

ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం 2022లో మొదలైన ఉచిత ప్రభుత్వ ఫోన్ సేవ. తెలుగులోనే మాట్లాడారు, సగం బరువు అక్కడే దిగింది. తర్వాత సైకియాట్రిస్టు మాత్రలు రాశారు, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. కౌన్సెలర్ మేడం మాత్రం, "మనసు బాగయ్యేదాకా ఆగకండి, ముందు చిన్న పని చేయండి" అన్నారు. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.

రాత్రే చెప్పులు మంచం పక్కన, కాఫీ డబ్బులు జేబులో పెట్టుకునేదాన్ని. అలారం మోగగానే కాళ్ళు నేల మీద. ముఖం కడగకపోయినా సరే, ఫోన్ గదిలో వదిలేసి కింద దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి ఒక కాఫీ. వెళ్ళేముందు, వచ్చాక, దిగులు పదికి ఎంతో నోటుబుక్కులో రాయడం. మొదటి వారమంతా 8, 8. తొమ్మిదో రోజు 8, 6. ఆ అంకె చూసి ఏడ్చాను. స్నానం, నడక ఆ తర్వాతే కలిపాను.

మాత్రల వల్లో, కాఫీ వల్లో విడదీసి చెప్పలేను. దిగులు మరీ ముదిరినవాళ్ళకు ఇది చాలకపోవచ్చు. చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం నోటుబుక్కు పక్కన పెట్టి ముందు ఆ 14416కి ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు.