టెక్సస్‌లో కౌంటీ కమిషనర్ల ముందు మీ ప్రాంత సమస్యను పెట్టడం ఎలా

డాలస్‌కు ఉత్తరాన కాలిన్, డెంటన్ కౌంటీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు పరిచయమే గాని, ఆస్తి పన్నులో తన వాటా తీసుకునే కౌంటీ ప్రభుత్వంతో పరిచయం తక్కువ. టెక్సస్‌లో ఉన్న 254 కౌంటీలనూ నడిపేది కమిషనర్స్ కోర్టులే. పేరుకు కోర్టులే గాని, ఇవి కౌంటీ పాలక మండళ్లు. ప్రతి కమిషనర్స్ కోర్టులోనూ కౌంటీ అంతటా ఎన్నికైన కౌంటీ జడ్జి అధ్యక్షత వహిస్తారు. కౌంటీలోని నాలుగు ప్రిసింక్ట్‌ల (ఎన్నికల విభాగాల) నుంచి ఒక్కొక్కరు చొప్పున ఎన్నికైన నలుగురు కమిషనర్లు సభ్యులుగా ఉంటారు. బడ్జెట్, పన్ను రేటు, జైలు, నగర పరిధికి బయట ఉన్న కౌంటీ రోడ్లు ఈ ఐదుగురి చేతిలోని ముఖ్య విషయాలు. మీ కమిషనర్ ఎంత సానుకూలంగా మాట్లాడినా ఆయనకో ఆమెకో ఉన్నది ఐదింటిలో ఒక్క ఓటే.

ఉత్తరం రాసే ముందు, మీరు అడగబోయే పని ఎవరి అధికారంలో ఉందో తేల్చుకోండి. న్యాయమైన అర్జీలు మూలన పడిపోవడానికి చాలాసార్లు ఈ జాగ్రత్త లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. ఫ్రిస్కో నగరం కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ విస్తరించి ఉంది కాబట్టి, మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో ముందుగా పన్ను బిల్లులో చూసుకోవాలి. ఆ తర్వాత మీ కమిషనర్ ప్రిసింక్ట్ సంఖ్య తెలుసుకోవాలి. ఓటరు కార్డులో ఓటింగ్ ప్రిసింక్ట్‌కు వేరే సంఖ్య ఉంటుంది, దానితో పొరబడకూడదు. ఇక రోడ్డు సంగతి. 380వ నంబరు హైవే మీద గాని, ఎఫ్.ఎమ్. అనే అక్షరాలతో మొదలయ్యే రోడ్ల మీద గాని సిగ్నల్ కావాలంటే సాధారణంగా అడగవలసింది రాష్ట్ర రవాణా శాఖను. నగర పరిధిలోని వీధి అయితే సిటీని అడగాలి. నగర పరిధికి బయట ఉన్న కౌంటీ రోడ్డు మీద వేగ పరిమితి తగ్గించాలంటే మాత్రం అది కమిషనర్స్ కోర్టు పనే. అందుకు ముందుగా ప్రకటన ఇచ్చి బహిరంగ విచారణ జరపాలని చట్టం చెబుతోంది కాబట్టి కొంత సమయం పడుతుంది.

టెక్సస్ కౌంటీలకు రాజ్యాంగమూ శాసనసభా ఇచ్చినంత అధికారమే ఉంటుంది. నగరాలకు ఉన్నట్టుగా ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే జోనింగ్ అధికారం కౌంటీలకు సాధారణంగా లేదు. నగర పరిధికి బయట మీ ఇళ్ల పక్కన కాంక్రీటు తయారుచేసే ప్లాంటు వస్తోందనుకోండి. దానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర పర్యావరణ కమిషన్. అటువంటప్పుడు ‘దాన్ని ఆపండి’ అని కమిషనర్లను అడిగితే, తమ చేతిలో లేదనే సమాధానం వస్తుంది. ‘మా అభ్యంతరాలను సమర్థిస్తూ తీర్మానం చేసి రాష్ట్ర కమిషన్‌కు పంపండి’ అని అడిగితే, అది వాళ్లు చేయగలిగిన పని.

కమిషనర్లు పంపే ఈ-మెయిల్ వార్తాపత్రాలను, టౌన్ హాల్ సమావేశాల సమాచారాన్ని చదవకుండా వదిలేయకండి. ఏ రోడ్డు డిజైన్ దశలో ఉంది, ఏ పనికి బాండ్ల సొమ్ము కేటాయించారు అన్న వివరాలు అక్కడే మొదట కనిపిస్తాయి. కాలిన్ కౌంటీ ఓటర్లు 2023 నవంబరులో రోడ్ల కోసం బాండ్లను ఆమోదించారు. మీరు అడిగే రోడ్డు అటువంటి జాబితాలో ఇప్పటికే ఉంటే, మీ అర్జీ కొత్త పని కోసం కాక, ఉన్న పని త్వరగా జరగడం కోసం అవుతుంది.

ఉత్తరం ఒక పేజీ మించకూడదు. మొదటి వాక్యంలోనే మీ ప్రిసింక్ట్, స్థలం, కోరిక చెప్పండి. తర్వాత ఫొటోలు, ప్రమాదాలు జరిగిన తేదీలు, ఇరుగుపొరుగు సంతకాలు జతచేయండి. కమిషనర్లందరికీ రాయదలిస్తే ఎవరికి వారికి విడిగా పంపడం మంచిది. ఎందుకంటే ఒకే ఈ-మెయిల్ కింద ముగ్గురు సభ్యులు చర్చ మొదలుపెడితే అది ప్రజల పనులను ప్రజల ముందే చర్చించాలనే బహిరంగ సమావేశాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు కావచ్చు. ఒక కమిషనర్ ఏమనుకుంటున్నారో మరొకరికి మోసుకెళ్లే పని కూడా పెట్టుకోకండి. మీరు పంపిన ఉత్తరాన్ని సమాచార చట్టం కింద ఎవరైనా అడిగి తీసుకోవచ్చు కాబట్టి, పిల్లల వివరాలు, ఆరోగ్య విషయాలు అందులో రాయవద్దు.

సమావేశం అజెండాను కనీసం మూడు పనిదినాల ముందు ప్రకటించాలన్న నిబంధన 2025 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. అజెండాలో ఉన్న అంశంపై మాట్లాడదలచిన వారికి, నిర్ణయానికి ముందే అవకాశం ఇవ్వాలి. అజెండాలో లేని సంగతి ఎత్తితే సభ్యులు దానిపై చర్చించలేరు. ఉన్న వాస్తవమో విధానమో చెప్పి, తర్వాతి అజెండాలో చేర్చే విషయం మాత్రమే మాట్లాడగలరు. వాళ్ల మౌనాన్ని నిర్లక్ష్యంగా భావించకండి. ముందుగానే కమిషనర్ కార్యాలయంతో మాట్లాడి అంశాన్ని అజెండాలో పెట్టించుకున్నాకే మనుషులను తీసుకువెళ్లండి. చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించే కన్సెంట్ జాబితాలో మీ అంశం ఉందేమో కూడా చూసుకోవాలి.

మాట్లాడడానికి చాలాచోట్ల మూడు నిమిషాలే ఇస్తారు. ఇరవై మంది ఒకే మాట చెప్పడం కన్నా, ముగ్గురు మూడు విషయాలు పంచుకుని చెప్పడం మేలు. పౌరసత్వం లేని వారు, హెచ్-1బి వీసా మీద ఉన్నవారు ఓటు వేయకూడదు గాని, అజెండా అంశంపై మాట్లాడే హక్కు ప్రజల్లో ఎవరికైనా ఉంది. అనువాదకుడి ద్వారా మాట్లాడేవారికి, ఏకకాల అనువాద పరికరాలు లేని చోట, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని కూడా బహిరంగ సమావేశాల చట్టమే చెబుతోంది. రోజూ ఆ రోడ్డు పక్కన నడిచే తాతయ్యలు, అమ్మమ్మలు తమ కష్టాన్ని తెలుగులోనే చెప్పుకోవడానికి ఇది చాలా విలువైన అవకాశం. మన వాళ్లు దీన్ని తప్పక వాడుకోవాలని నా కోరిక.

డబ్బుతో ముడిపడిన కోరికకు సమయం చాలా ముఖ్యం. కాలిన్ కౌంటీ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆగస్టు, సెప్టెంబరు బడ్జెట్ విచారణల నాటికి అంకెలు దాదాపు కుదిరిపోయి ఉంటాయి కాబట్టి వసంతకాలంలోనే అడగండి.

చట్టమే మారవలసిన సమస్య అయితే దారి వేరు. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో, జనవరి రెండో మంగళవారం నుంచి 140 రోజుల వరకు సమావేశమవుతుంది. తర్వాతి సమావేశాలు 2027 జనవరి 12న మొదలవుతాయి. అంతకు ముందటి నవంబరు నుంచే బిల్లులు దాఖలు చేయవచ్చు. చాలా కౌంటీలు శాసనసభ నుంచి తాము కోరేవాటి జాబితాను ఆ లోపే తీర్మానించుకుంటాయి. మీ కోరిక ఆ జాబితాలోకి ఎక్కాలంటే 2026 వేసవిలోనే కమిషనర్‌ను కలిసి, మార్చవలసిన చట్టం ఏదో, మార్పు వల్ల కౌంటీకి ఏ అధికారం వస్తుందో రాసివ్వండి. అదే కాగితం ప్రతిని మీ రాష్ట్ర ప్రతినిధికి, సెనేటర్‌కు కూడా పంపండి, ఎందుకంటే బిల్లు ప్రవేశపెట్టేది వాళ్లే. సమావేశాలు మొదలైన 60వ రోజు తర్వాత కొత్త బిల్లు పెట్టడం చాలా కష్టం.