డయాలసిస్ ఫిస్టులాలో సిర గోడ మందమవుతోందని ముందే కనిపెట్టడం ఎలా

మణికట్టు దగ్గర ధమనికి సిరను కలిపి కుట్టి డయాలసిస్‌కు దారి ఏర్పరచే ఫిస్టులా పద్ధతిని బ్రెసియా, సిమినో తదితర వైద్యులు 1966లో ప్రకటించారు. నేటికీ దీర్ఘకాలం డయాలసిస్ అవసరమైన వారిలో చాలామందికి, ఉద్దానంలోనైనా హైదరాబాదులోనైనా, వైద్యులు మొదట ఆలోచించేది ఫిస్టులా గురించే.

తక్కువ ఒత్తిడితో నెత్తురు మోయడానికి అలవాటుపడిన పలుచని సిరలోకి ధమని రక్తం ఉరవడిగా వచ్చి పడినప్పుడు దాని గోడ మందమవుతుంది. కొంత మందం కావలసిందే. లేకుంటే వారానికి రెండు మూడుసార్లు లావుపాటి సూదులను ఆ సిర తట్టుకోలేదు. అయితే గోడ మధ్యపొరలోని కండర కణాలు లోపొరలోకి చేరి, అక్కడే వృద్ధి చెంది, తమ చుట్టూ పీచు పదార్థాన్ని పేర్చుకుంటూ పోతే నెత్తురు పారే దారి ఇరుకవుతుంది. దీనిని ఇంటిమల్ హైపర్‌ప్లేసియా అంటారు. బోరు పైపులో గార కట్టడంతో దీన్ని పోల్చడం తేలికే గాని ఆ పోలిక సరిపోదు. గార నీటిలోంచి వచ్చి పేరుకుంటుంది, ఇక్కడ గోడే లోపలికి పెరుగుతుంది. అందుచేత రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటున్నామన్న ధీమాతో పరీక్ష మానరాదు.

రోజూ ఉదయం లేవగానే కుట్టు మచ్చ మీద రెండో చేతి వేళ్లను తేలికగా ఆనించాలి. పిల్లి గుర్రుమన్నట్టు ఎడతెగని సన్నని అదురు తెలియాలి. డయాలసిస్ గదిలో దీనినే త్రిల్ అంటారు. ఆ అదురు పోయి నాడిలా టక్కుటక్కుమని కొట్టుకుంటుంటే, పైభాగంలో ఎక్కడో దారి ఇరుకైందని అనుమానించాలి. తరువాత చేతిని గుండె కంటే ఎత్తుకు లేపి చూడాలి. ఉబ్బి ఉన్న సిర అప్పుడు మెత్తబడి అణగాలి. ఒకచోట వరకు ఉబ్బు అలాగే నిలిచి, అక్కడి నుంచి భుజం వైపు మాత్రం అణగితే ఇరుకు ఆ సరిహద్దు దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో చేయదగిన పరీక్షల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే దీనికి పరికరమేదీ అక్కరలేదు.

డయాలసిస్ కేంద్రంలోనూ ఆనవాళ్లు దొరుకుతాయి. సూది తీశాక నెత్తురు ఆగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పట్టడం, యంత్రంలో సిర వైపు ఒత్తిడి వారం వారం పెరుగుతూ పోవడం, చెయ్యి వాయడం కనిపిస్తే టెక్నీషియన్‌కు చెప్పి ఊరుకోక, నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) చేత, నెత్తురు పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ రాయించుకోవాలి. సూదులు ఒకే చోట గుచ్చకుండా వరుసగా చోటు మార్చమని అడగడానికి మొహమాటపడకూడదు. ఆ చేతికి బీపీ పట్టీ, బిగుతైన గాజులు వద్దు. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకోకూడదు.

ఇరుకు తేలితే సిరలోకి చిన్న బెలూన్ పంపి, ఉబ్బించి వెడల్పు చేస్తారు. బెలూన్ ఒత్తిడికి గోడ గాయపడుతుంది కాబట్టి కొన్ని నెలల్లోనే అదే చోట మళ్లీ పెరుగుదల రావచ్చు. కనుక ఇంటికి వచ్చిన మరునాటి నుంచే ఉదయపు పరీక్ష తిరిగి మొదలుపెట్టాలి. అదురు పూర్తిగా ఆగిపోయిన రోజున మాత్రం తరువాతి డయాలసిస్ దాకా వేచి ఉండకుండా, సిరలో నెత్తురు గడ్డ గట్టిపడక ముందే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.